మిల్లు గేటే పొలిమేర

మార్చి 11, 1996. సోమవారం

విమల ఈ డైరీ కొనుక్కొచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఆషర్‌విల్‌లో గోడలు పల్చనండీ. పక్కింటావిడ నన్ను జాలిగా చూస్తోంది. ఇకనుంచి ఇందులో అరవండి" అంది. నేను అరవను. నా గొంతే అంత.

సరే, రాస్తున్నాను. చెరకు కోత లేని ఈ నెలల్లో మిల్లు ఆపి మరమ్మతులు చేస్తారు, దాన్ని ఆఫ్ క్రాప్ అంటారు. ఇవాళ చెరకు మిల్లులో గార్డు పీకేసిన గ్రైండరు ఒకటి దొరికింది. తిరిగే చక్రం పగిలిందంటే ముక్క తిన్నగా మొహంలోకే వస్తుంది. దానికి అడ్డం ఆ రేకు గార్డొక్కటే. ఎవర్రా తీసిందంటే ఒక్కడూ నోరు విప్పడు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, మూలల్లో గ్రైండరు పట్టడం లేదని మా సైట్ మేనేజరు యూజీనే తీయించాడు. వెళ్ళి అడిగాను. "కోటీ, ఈస్టర్ కాగానే మిల్లు తిరగాలి. నిన్ను ఇండియా నుంచి సేఫ్టీ ఆఫీసరుగా తెచ్చింది మనుషుల్ని కాపాడటానికి, పని ఆపడానికి కాదు" అన్నాడు. ఈ రెండూ వేరని ఆయన ఉద్దేశం. కోటేశ్వరరావు అనే నిండైన పేరును కోటీ చేసిన మనిషికి గ్రైండరు ఒక లెక్కా!

ఆ గ్రైండరు తెచ్చి నా గదిలో పెట్టి తాళం వేశాను.

మార్చి 13

యూజీన్ నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

మార్చి 18

మాట్లాడాడు. నా వర్క్ పర్మిట్ ఏప్రిల్‌తో అయిపోతుందని, పొడిగించాలంటే తన సంతకం కావాలని గుర్తు చేశాడు. నేను అడగలేదు. ఊరికే గుర్తు చేశాడట.

విమలకు చెప్పలేదు. ఆమెకు ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం దొరికి రెండు నెలలైనా కాలేదు. పొద్దున్నే కూనిరాగాలు తీస్తూ తయారవుతోంది.

మార్చి 19

ఒక మంచి మాట కూడా రాయాలి, లేకపోతే ఇది చదివినవాళ్ళు నన్ను రాక్షసుడనుకుంటారు. ఎవరూ చదవరనుకోండి.

ఫీనిక్స్ అనే ఇక్కడి ఇండియన్ల పేట నుంచి వచ్చే ఫిట్టరు ఒకడున్నాడు, సూబ్రాయన్. యాభై దాటి ఉంటాయి. తాత విశాఖపట్నం వైపు నుంచి ఈ మిల్లు చెరకు నరకడానికి కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చాడట. ఇవాళ చెరకును లోపలికి మోసుకెళ్ళే కొత్త క్యారియర్ దూలాలకు మాగ్నెట్ డ్రిల్లుతో రంధ్రాలు వేస్తున్నాడు. అయస్కాంతంతో ఉక్కుకు అతుక్కుని నిలబడే డ్రిల్లు అది. కరెంటు పోయిందంటే పట్టు వదిలేసి కింద ఉన్నవాడి నెత్తిన పడుతుంది. అందుకని దానికి గొలుసు కట్టాలి. నేను గొంతు సవరించుకునేలోపే అతను గొలుసు కట్టేసి ఉన్నాడు. చేతులకు తొడుగుల్లేవు, చొక్కా చేతులు బిగించి ఉన్నాయి. తిరిగే ఇనుము దగ్గర ఎలా ఉండాలో అలా ఉన్నాడు.

ఇక్కడ నేను మెచ్చుకున్న మొదటి మనిషి. అతనికి చెప్పలేదు.

"మీదే ఊరు?" అని తెలుగులో అడిగాను. "ఊరా? ఫీనిక్స్, మాన్" అన్నాడు. అతనికి తెలుగు కొంచెమే వచ్చు. వచ్చిన దాంట్లో సగం తిట్లు.

మార్చి 21

దేశమంతటా మానవ హక్కుల దినం, సెలవు. మమ్మల్ని యూజీన్ పనికి పిలిచాడు.

మార్చి 27

ఫీనిక్స్ అమ్మవారి గుళ్ళో జెండా ఎత్తారట. గుడ్ ఫ్రైడే నాడు నిప్పులు తొక్కుతారు, ఒకప్పుడు కూలీలకు సెలవు దొరికింది ఆ రోజే కాబట్టి. తొక్కేవాళ్ళందరూ ఇవాళ్టి నుంచి ఉపవాసం, మాంసం ముట్టరు, చాప మీద పడుకుంటారు, కుడి చేతికి పసుపు కంకణం కట్టుకుంటారు. ఇక్కడ దాన్ని కాపు అంటారు, తమిళుల నుంచి వచ్చిన మాట. మిల్లులో పది పన్నెండు మంది కట్టుకుని వచ్చారు. పసుపు వాసన చూస్తే ఒక్క నిమిషం మా ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది.

అందుకే బుర్ర పని చేయలేదు. ఆ దారం డ్రిల్లు పక్కన ఉంటే ఏమవుతుందో చూడాల్సింది నేనే కదా. చూడలేదు.

మార్చి 28

ఇవాళ సూబ్రాయన్ చెయ్యి పోయేది.

డ్రిల్లు దిగుతుంటే ఉక్కు రిబ్బన్లు చుట్టలు చుట్టలుగా లేస్తాయి. ఒక చుట్ట అతని కాపులో తగులుకుంది. పేటలు పేటలుగా పేనిన నూలు, తెగదు. చెయ్యి బిట్టు వైపు పోతోంది, అతను కాళ్ళు తన్ని వెనక్కి లాగుతున్నాడు, నేను అటు పరుగెత్తుతున్నాను. పక్కనే ఉన్న జూలూ హెల్పరు గిల్బర్ట్ ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాడు. డ్రిల్లు ఆగింది. మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయింది. కాపు మాత్రం చెక్కుచెదరలేదు.

సూబ్రాయన్ ఆ చేతిని కళ్ళకద్దుకుని "చూసినావా, అమ్మ కాచింది" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాచింది గిల్బర్టయ్యా! నీ అమ్మ ఇచ్చిన దారమే నిన్ను అందులోకి ఈడ్చింది! మిల్లంతా వినపడేలా అరిచాను. అవును, అరిచాను. దారం తీసెయ్, లేదా డ్రిల్లు ముట్టుకోకు అన్నాను.

"యు లిసన్, మిస్టర్ రావ్. పోయిన ఆఫ్ క్రాప్ లో స్కాఫోల్డ్ పలక విరిగి పైనించి పడినాను. పిప్పి కుప్ప మీద పడినాను, ఒక్క బోన్ బ్రేక్ కాలేదు. అప్పుడు మొక్కినాను, నిప్పుల మీద నడుస్తాను అని. ఈ కాపు పూజారి కట్టినాడు, పూజారే విప్పాల. ఐ వోంట్ కట్ ఇట్. నెవర్."

"అయితే డ్రిల్లు వేరేవాళ్ళకిస్తాను."

"ఎవరికి ఇస్తావ్? ఎవరికి వస్తది?"

నిజమే, ఎవరికీ రాదు.

మార్చి 29

నోటీసు అంటించాను. తిరిగే యంత్రాల దగ్గర చేతికి దారం, గడియారం, ఉంగరం, తోలు పట్టీ ఏదీ ఉండకూడదు. గిల్బర్ట్ తన మణికట్టు చూపించాడు. ఇంట్లో పెద్దల పేరున మేకను కోసి, ఆ తోలు చేతికి తొడిగారట. అదంతట అది ఊడిపోవాలి తప్ప కోయకూడదట. "నాకూ ఇదేనా?" అన్నాడు. నీకూ ఇదే అన్నాను. నిన్న మనిషి చెయ్యి కాపాడినవాడికి ఇవాళ నేనిచ్చిన బహుమానం.

యూజీన్ నోటీసు చదివి నా భుజం తట్టాడు. ఆ తట్టుడే నాకు నచ్చలేదు. తర్వాత అందరినీ పిలిచి, "మీ ఇండియా ఆఫీసరే చెప్పాడు. సోమవారం చేతికి దారంతో వచ్చినవాడు గేటు బయటే ఉండిపోవచ్చు, మళ్ళీ రానక్కర్లేదు" అన్నాడు.

నేను చెప్పింది డ్రిల్లు ముట్టుకోవద్దని. ఉద్యోగంలోంచి తీసెయ్యమని కాదు. ఆయన గదిలోకి వెళ్ళి అదే అన్నాను. బోల్టులు బిగించే పని ఉంది, పెయింటు పని ఉంది, గుడ్ ఫ్రైడే దాకా వాళ్ళకు అవి ఇవ్వండి. ఆయన నవ్వి, "కోటీ, రంధ్రాలు పడకపోతే బోల్టులెక్కడ బిగిస్తారు? కత్తెర చవక. ఒక్క కత్తిరింపు, అంతే" అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు పెద్దలు.

మార్చి 30

సూబ్రాయన్ మొండితనం మీద కోపం. యూజీన్ మీద కోపం. ఇంట్లో అరవలేదు. గిన్నె దానంతట అదే కిందపడింది.

మార్చి 31, ఆదివారం

ఫీనిక్స్ వెళ్ళాను. బతిమాలడానికే వెళ్ళాను. ఇది రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే అక్కడ జరిగింది వేరు.

చిన్న ఇల్లు. సూబ్రాయన్ భార్య డాలీ టీ ఇచ్చింది. కిటికీ దగ్గర కుర్చీలో అతని నాన్న, తొంభైకి దగ్గర్లో ఉన్నాడు, వళ్ళో కర్ర పెట్టుకుని కునుకుతున్నాడు. ఆయన కూడా ఈ మిల్లులోనే పని చేశాడట.

నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. దారం మీద టేపు చుట్టుకుంటానన్నాడు. చెమటకు ఊడుతుందన్నాను. లోపలికి మడుచుకుంటానన్నాడు. ఆ మడత కూడా తగులుకుంటుందన్నాను. ఒక్క వారం ఒంట్లో బాగోలేదని రాసివ్వమన్నాను. "అమ్మ ఫాస్ట్ లో లై చెప్పాలా? నువ్వు టెంపుల్ కి పోతావా, లేదా?" అన్నాడు. అంతే, నా నోరు జారింది.

"నువ్వా నాకు ధర్మం చెప్పేది! అసలు మా వైపు కంకణం కట్టుకున్నవాడు ఊరి పొలిమేర దాటడు, తెలుసా? పనిముట్టు ముట్టుకోడు. మొక్కు తీరేదాకా కదలడు. కంకణం చేతికి పెట్టుకుని మిల్లులో డ్రిల్లు తిప్పడం ఎక్కడి ఆచారం? మీరు చేసేదే మొదట్నించీ తప్పు!"

డాలీ చేతిలో ప్లేటు అలాగే ఆగిపోయింది.

సూబ్రాయన్ లేచాడు. "మొదట్నించీ తప్పు? మా తాత సర్దార్ ని, కూలీల మేస్త్రీ ని, లీవ్ అడిగినాడు, కాపు కి. షాంబాక్ తో కొట్టినాడు. కొరడా, మాన్, కొరడా! వీపు చీలింది. ఆ వీపు తో, కాపు తో, పని కి పోయినాడు. మా నాయన అట్లే పోయినాడు. నేను అట్లే పోయినాను. నువ్వు ప్లేన్ లో వచ్చినావు, మా కి రాంగ్ అంటావు? నీ ఇండియా నీ దగ్గర పెట్టుకో. గెట్ అవుట్ ఆఫ్ మై హౌస్."

బయటికి వచ్చేశాను. టాక్సీ కోసం నిలబడి, నేనన్న మాట తప్పా ఒప్పా అని ఆలోచించాను. మాట ఒప్పే. ఆ ఇంట్లో ఆ మనిషితో ఆ గొంతుతో అనడం నీచం. మా ఊళ్ళో కంకణం కట్టుకుని ఇంటిపట్టున ఉండగలిగారు, ఎవరూ కొరడా పట్టుకుని నిలబడలేదు కాబట్టి. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో.

ఏప్రిల్ 1, సోమవారం

పొద్దున మిల్లు గేటు బయట కాపు కట్టుకున్నవాళ్ళందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ముందు సూబ్రాయన్. పక్కన గిల్బర్ట్, తోలు పట్టీ ఉన్న మరో నలుగురైదుగురు. యూజీన్ మొహం కందగడ్డలా ఉంది.

"ఏమిటిది?" అని అరిచాడు.

సూబ్రాయన్ ఇంగ్లీషులో చాలా శాంతంగా చెప్పాడు. "కాపు కట్టుకున్నవాడు పొలిమేర దాటకూడదు. పనిముట్టు ముట్టుకోకూడదు. మాకు తెలియక ఇన్నేళ్ళూ చేశాం. ఇప్పుడు తెలిసింది. ఈ గేటే పొలిమేర. ఈస్టర్ అయ్యేదాకా సెలవు కావాలి."

నా మాటలు! నిన్న తన్ని తగలేసినంత పని చేసి, ఇవాళ నా మాటలే నన్నడక్కుండా తెచ్చి గేటు ముందు పరిచాడు. నన్ను ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

యూజీన్ నా వైపు తిరిగాడు. "కోటీ, నువ్వు అసలు ఇండియావాడివి. ఇది మీ మతంలో నిజంగా ఉందా, లేక పని ఎగ్గొట్టడానికి చెబుతున్న కథా? లేదని ఒక్క మాట చెప్పు, వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను." తర్వాత గొంతు తగ్గించి, "నీ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ముందు విమల గుర్తొచ్చింది. ఆమె కూనిరాగాలు గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ పొలిమేర ఎక్కడో నాకూ తెలియదు. గుడి ఉన్న చోటే ఊరనుకుంటే, వీళ్ళు ఫీనిక్స్ నుంచి టాక్సీలెక్కి దాన్ని పొద్దున్నే దాటేసి వచ్చారు. ఆ అనుమానం యూజీన్‌కు రాలేదు. నాకొచ్చింది, మింగేశాను.

అంతా మింగేవాడినేమో కూడా. కానీ ఆయన బూటు కొనతో సూబ్రాయన్ మోకాలిని తట్టి, "లే, లే" అన్నాడు, పశువును లేపినట్టు.

"ఉంది" అన్నాను. గట్టిగానే అన్నాను. "మీ మిల్లు పుట్టకముందు నుంచీ ఉంది. పొలిమేర ఈ గేటే. వీళ్ళలో ఒక్కరు లోపలికొచ్చినా సేఫ్టీ ఆఫీసరుగా పని మొత్తం ఆపేస్తాను. చట్టం ప్రకారం ఆపగలను. కావాలంటే ఇన్‌స్పెక్టరును నేనే పిలుస్తాను, గార్డు పీకిన గ్రైండరు కూడా చూపిస్తాను."

ఇది ధైర్యం కాదు. కోపం. రెండూ ఒకటేనని గేటు దగ్గరున్నవాళ్ళు అనుకుంటే అనుకోనీ.

ఏప్రిల్ 2

సెలవు ఇచ్చారు! పై వాళ్ళు భయపడ్డారు. కొత్త ప్రభుత్వం, యూనియన్, మతం గొడవ, పేపర్లో పడితే ఎలా అని. మిల్లు తిరగడం ఒక వారం వెనక్కి జరిపారు. తోలు పట్టీలవాళ్ళకు డ్రిల్లుకు దూరంగా పెయింటు పని ఇచ్చారు. అడిగినంతసేపు పట్టలేదు ఇవ్వడానికి. మరి ఇన్నేళ్ళూ?

సూబ్రాయన్ నాకు ఒక్క మాట చెప్పకుండా టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 3

యూజీన్ సంతకం పెట్టనన్నాడు. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. పర్మిట్ ఈ నెలాఖరుకు అయిపోతుంది. నేను లేనంటే విమలకూ ఉండే హక్కు లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఇవాళ నేను అరవలేదు. విమల అరిచింది. "ఎవరి మొక్కు కోసమో నా ఉద్యోగం తీసుకెళ్ళి గేటు ముందు పెట్టారా? ఒక్క మాట నన్నడిగారా?" అంది. అడగలేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఏడ్చింది. ఏడుస్తూనే అన్నీ దిద్దింది.

ఆ సూబ్రాయన్ మీద నాకు ఎంత కోపమొచ్చిందో ఈ కాగితం పట్టదు. నా మాటలు వాడుకున్నాడు, నా ఉద్యోగం తిన్నాడు, కృతజ్ఞత లేదు. రేపు వెళ్ళి మొహం మీదే కడిగేస్తాను.

ఏప్రిల్ 4, గురువారం

వెళ్ళాను. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకున్నాను.

సూబ్రాయన్ ఇంటి ముందు అరుగు మీద బెంచీ వేసుకుని కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియనివాడిలా చేతులు వళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

డాలీ తలుపులోంచి, "చూడన్నా, థర్టీ ఇయర్స్ లో ఈ టైమ్ కి ఇంట్లో లేడు. రెండు దినాలు అయింది, అడ్డం అడ్డం. ట్యాప్ రిపేర్ చెయ్యి అంటే పనిముట్టు ముట్టను అంటాడు" అంది. తిడుతోందనే అనుకున్నాను. తర్వాత చూస్తే ఆమె కళ్ళు నవ్వుతున్నాయి.

సూబ్రాయన్ బెంచీ మీద పక్కకు జరిగాడు. కూర్చోమని అనలేదు, జరిగాడు. నేను కూర్చున్నాను. మొదలుపెట్టాను. "చూడు సూబ్రాయన్, నీ వల్ల..."

లోపల కర్ర చప్పుడైంది. ముసలాయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం కునుకుతూ కనిపించిన మనిషి ఇప్పుడు కళ్ళు చిట్లించి కొడుకు చేతికున్న కాపు చూశాడు, బయట ఎండ చూశాడు, మళ్ళీ కొడుకును చూశాడు. భయపడ్డాడు.

"ఏరా, నిన్నా ఇంటికాడే ఉన్నావు, ఇయాలా ఉన్నావు. పని పోనాదా? తీసేసినారా?"

"లేదు నాయనా. లీవ్."

"ఏటి?"

"లీవ్, నాయనా. కాపు కి లీవ్ ఇచ్చినారు."

"కాపుకా?"

"యా, నాయనా."

"అబద్దాలాడకు. ఎవులిచ్చినారు?"

"మిల్లు వాళ్ళే. బాస్ ఇచ్చినాడు. నడిచేదాకా రావద్దు అన్నాడు."

ముసలాయన గుమ్మం వదిలేసి ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. సాయం పట్టబోతే నా చెయ్యి తోసేశాడు. కొడుకు ముందు నిలబడి, ఆ మణికట్టు అందుకుని, చర్మం లేచిన చోట తగలకుండా వేలితో కాపు తడిమాడు. "మా నాయన..." అన్నాడు. సూబ్రాయన్ తల వంచుకున్నాడు. లేచి తండ్రికి చోటివ్వబోయాడు.

ముసలాయన భుజం మీద చెయ్యేసి నొక్కాడు. "కూకో. లెగకు. సెలవిచ్చినప్పుడు కూకోవాల."

కొంతసేపటికి నా వైపు తిరిగాడు. "మరి నువ్వు? నీ చేతికి కాపు లేదు. ఇయాల పన్రోజు కాదా? నువ్వు పోలేదేటి?"

సూబ్రాయన్ తలెత్తాడు. నా ఉద్యోగం పోయిన సంగతి అతనికి తెలియదు. నా మొహంలో ఏం కనిపించిందో, నోరు తెరవబోయాడు. వద్దన్నట్టు చూశాను.

"నాకూ ఇచ్చారు తాతా" అన్నాను.

"నీకూనా!" ముసలాయన బోసినోరంతా తెరిచి నవ్వాడు. "మంచి దొర."

మంచి దొర! యూజీన్! దారి పొడుగునా కూర్చుకున్నవన్నీ ఒక్కసారి నాలుక మీదికి వచ్చాయి. బూటు కొన, బల్ల మీద కాగితాలు, విమల దిద్దిన పేపర్లు, అన్నీ. ముసలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, చెయ్యి ఇంకా కొడుకు భుజం మీదే ఉంది.

"చాలా మంచి దొర తాతా" అన్నాను.